నాటకశాల గుమ్మంలో పేరమ్మ

కుంతలగిరి రాజు బసవభూపతికి నాటకాల పిచ్చి. ఆ పిచ్చిలో ఒకరోజు నిండుకొలువులో ఓ ఆజ్ఞ వేసేశాడు.

"రేపటి వసంతోత్సవం నుంచి మా నాటకశాలలో ఆడది అడుగుపెట్టకూడదు. ఒక్కరిని లోపలికి వదిలినా సరే, గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాళ్ల కొలువు ఊడినట్టే!"

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ పేరమ్మ చేతిలోంచి తమలపాకు జారిపోయింది. నాటకమంటే ఆమెకు ప్రాణం. ఊరి ఆడవాళ్లతో కలిసి చాప మీద కూర్చుని ఏడ్చి, నవ్వి, తెల్లారి కూడా ఆ ముచ్చట్లే చెప్పుకునేది.

ఈ ఆజ్ఞ ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. నాట్యాచార్యుడు సోమిదేవయ్య ఆడవేషాలకు పెట్టింది పేరు. ఆ సంగతి ఊరందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. కిందటి నాటకంలో తల్లి వేషం కట్టి, కొయ్యబిడ్డను ఎత్తుకుని బావురుమన్నాడు. బిడ్డ తల చూస్తే వెనక్కి వేలాడిపోతోంది. చేపలమ్ముకునే అచ్చమ్మ ఉండబట్టలేకపోయింది.

"అయ్యో, మెడ కింద చెయ్యి పెట్టవయ్యా!"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. కన్నీళ్లు పెట్టాల్సిన ఘట్టం కాస్తా నవ్వులపాలైంది. సోమిదేవయ్య ఆ కడుపుమంట రాజుగారి చెవిలో పోశాడు.

ఇప్పుడు ఆజ్ఞ వినగానే ఆయన మొహం చేటంత అయింది.

"ఆడవాళ్లకు కళ ఏం తెలుస్తుంది ప్రభూ? ఆడతనం చూడాలంటే నేను లేనూ? నేను చీర కట్టి నడిస్తే మగవాడినని మీ కోటలో ఎవరు పోల్చుకోగలరు? ఒక్కరు పోల్చుకున్నా ఈ గజ్జెలు విప్పి మీ పాదాల దగ్గర పెడతాను. మళ్లీ వేషం కట్టను!"

"భేష్! పంతమంటే అదీ!" అన్నాడు రాజు. "సరే, కాపలాకు ఎవరిని పెడదాం?"

పేరమ్మ పెట్టె పక్కన పెట్టి ముందుకొచ్చింది. "నన్నే పెట్టండి మహాప్రభో. మగవాళ్లయితే మొహం చూడ్డానికి మొహమాటపడతారు. నా కన్నుగప్పి ఏ ఆడదీ లోపలికి పోలేదు."

సోమిదేవయ్య మురిసిపోయాడు. ఆడదాని చేతే ఆడవాళ్లను ఆపించడం ఆయనకు భలే నచ్చింది.

మర్నాడు సాయంత్రం నాటకశాల బయట ఆడవాళ్లు గుంపుగా చేరారు. కనీసం గోడ అవతలి నుంచి పాటలైనా వినిపిస్తాయని వాళ్ల ఆశ. గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ పేరమ్మను చూసి అచ్చమ్మ మొహం తిప్పుకుంది. "నువ్వు కూడానా పేరమ్మా!" అంది. ఆ మాట పేరమ్మకు చురుక్కున తగిలింది.

ఇంతలో పల్లకి వచ్చింది. సోమిదేవయ్యకో అలవాటు ఉంది. ఇంటి దగ్గరే వేషం కట్టుకుని, రాణిగారిలా ఊరేగుతూ వస్తే గాని ఆయనకు తృప్తి ఉండదు. పట్టుచీర, ముక్కుపుడక, నడుం దాటిన జడ. వయ్యారంగా దిగి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

కర్ర అడ్డం పడింది.

"ఆగు తల్లీ. ఆడవాళ్లకు ప్రవేశం లేదు."

"హాస్యాలాడకు. నేనే!"

"నేనే అంటే? ఏ ఇంటి ఆడపడుచువమ్మా?"

"సోమిదేవయ్యనే!" ఆయన గొంతు ఒక్కసారిగా బొంగురుపోయింది.

"అయ్యో, జలుబు చేసినట్టుంది. ఇంటికెళ్లి మిరియాల కషాయం తాగమ్మా."

సోమిదేవయ్య జడ పట్టి లాగాడు. సవరం ఊడి చేతికొచ్చింది. "చూడు, సవరం!"

"సవరం పెట్టుకోని ఆడది ఈ ఊళ్లో ఎవరుంది? నిజంగా మగవాడివైతే మీసమేదీ?"

"వేషం కోసమే కదే గొరిగించుకున్నాను!"

బయట ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లోపల నాటకం ఎంతకీ మొదలు కాకపోయేసరికి రాజుగారే లేచి వచ్చారు. "ఏమిటీ గోల?"

పేరమ్మ చేతులు జోడించింది.

"ఈమె ఆడదైతే, లోపలికి వదిలినందుకు నా కొలువు పోతుంది. మగవాడని పోల్చుకుని వదిలితే, ఆచార్యులవారి గజ్జెలు పోతాయి. ఏది పోవాలో తమరే సెలవియ్యండి ప్రభూ!"

రాజు గోడలు అదిరేలా నవ్వాడు. "చెప్పవయ్యా ఆచార్యా, నువ్వు ఆడదానివా, మగవాడివా?"

సోమిదేవయ్య గజ్జెల వైపు చూసుకున్నాడు. పేరమ్మ వైపు చూశాడు. చెమటకు కాటుక కారిపోతోంది.

"మీ ఆజ్ఞే పోనివ్వండి మహాప్రభో!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"పోయింది! పెద్దింటి ఆడవాళ్లను రమ్మనండి."

పేరమ్మ కర్ర దించలేదు.

"ఆపేటప్పుడు పెద్దింటివాళ్లు, పేదింటివాళ్లు అని చూడలేదు ప్రభూ. ముత్తయిదువలనీ, మొగుడు పోయినవాళ్లనీ చూడలేదు. అందరినీ కలిపి ఆపారు. రానిచ్చేటప్పుడూ అందరినీ కలిపే రానివ్వండి."

రాజు తన వేలి ఉంగరం తీసి పేరమ్మ చేతిలో పెట్టాడు. "అందరినీ రమ్మను. ఇకమీదట ఈ గుమ్మం పెత్తనం నీదే!"

కర్ర దిగింది. ఆడవాళ్లు గలగలా లోపలికి పొంగారు. ఆ తోపులాటలో సవరం చేత్తో పట్టుకుని సోమిదేవయ్య ముందుకు దూరబోయాడు. వెనకనుంచి ఓ ముసలమ్మ ఆయన కొంగు పట్టి లాగింది.

"వరసలో రావమ్మా! మేమూ ఆడవాళ్లమే!"