గింజ తీసిన చింతపండు

అప్పలస్వామి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. నడిచాక జవాబు దొరికిందా లేదా అన్నది వాడి అదృష్టం. ఈ సంగతి తెలిసిన శిష్యులు ఎండాకాలంలో ఆయన్ని ప్రశ్నలు అడగడమే మానుకున్నారు.

దాలినాయుడు మాత్రం ఫాల్గుణ మాసంలో, ఎండ ముదురుతున్న ఒక సంత రోజున వచ్చి అడిగాడు.

"మాస్టారూ, మంచి పనికి ఊరు ఎందుకు తోడు రాదు?"

ఆ ప్రశ్న వెనక ఏడాది కష్టం ఉంది. చదువు సగంలో ఆపేసిన కుర్రకారుకు సొంతంగా వ్యాపారం మొదలుపెట్టడం నేర్పుదామని అతను గుమ్మలవలసలో ఒక తరగతి పెట్టాడు. ఊరి అండ కోసం ఇల్లిల్లూ తిరిగాడు. సభ పెడితే పెద్దలందరూ వచ్చారు, చప్పట్లు కొట్టారు, టీ తాగి వెళ్లారు. చేరిన పన్నెండు మందిలో ఒక్కొక్కరే జారిపోగా, సంతలో దుకాణం పెట్టేదాకా వచ్చింది పైడమ్మ ఒక్కతే. కొండ చింతపండు తెచ్చి, గింజ తీసి, బాగుచేసి అమ్మడం ఆ పిల్ల ఎంచుకున్న పని. తల్లి నరసమ్మ నాలుగు సంతలు గడువిచ్చింది. ఈలోగా దుకాణం నిలబడకపోతే కూతుర్ని ఎక్కడో దూరాన ఉన్న నూలు మిల్లు పనికి పంపేస్తానని ఖాయంగా చెప్పింది. మొదటి సంతలో ఊరు ఊరంతా వచ్చి కొన్నది. రెండో సంతకు నలుగురు వచ్చారు. మూడో సంతకు ఎవరూ రాలేదు. నాలుగోది ఇవాళే.

"జనానికి దయ లేదు మాస్టారూ," అన్నాడు దాలినాయుడు. అతని గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

సంతలో చివరి వరసన పైడమ్మ గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉంది. పక్కనే తల్లి, చేతులు కట్టుకుని, సాయంత్రం బస్సు కోసం చూస్తున్న మనిషిలా ఉంది. వెనక కర్రకు దాలినాయుడు స్వయంగా రాయించి కట్టిన అట్ట వేలాడుతోంది. "మన యువతకు అండగా నిలుద్దాం. బేరమాడకండి. వంకలు పెట్టకండి." మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత విప్పి, మడిచి, చంకలో పెట్టుకున్నారు. దాలినాయుడి ప్రాణం చివుక్కుమంది. కానీ గురువుగారిని ఏమని అడ్డగిస్తాడు?

అక్కడినుంచి మాస్టారు నేరుగా ఉల్లిపాయల వరస దగ్గరికి వెళ్లారు. సూరీడమ్మ అక్కడ ఉంది. ఆవిడ యాభై ఏళ్లుగా సంతకు వస్తోంది. ఆవిడ వీధి మలుపు తిరగగానే వ్యాపారులు కుళ్లినవి ఏరి దాచేసేవారు. అంతటి పేరు సంపాదించిన మనిషి.

"సూరీడమ్మా, ఆ చివర పిల్ల చింతపండులో ఒక్క గింజ కూడా ఉండదటమ్మా," అన్నారు మాస్టారు.

"ఎవులన్నారా మాట?" అంటూ ఆవిడ అప్పటికే నడక మొదలుపెట్టింది. "బేరం వద్దని అట్ట కట్టినారని ఇన్నాళ్లూ అటేపు పోనేదు బాబూ. బేరం వద్దన్న కాడ నాకేటి పని?"

వచ్చి గోనెపట్టా ముందు చతికిలబడింది. పైనున్న ముద్దను చూడనైనా చూడకుండా అడుగునున్న ముద్ద లాగి, బొటనవేలితో చీల్చి, ఒక గింజ తీసి పైడమ్మ అరచేతిలో పెట్టింది. ఇంకో ముద్ద చీల్చి ఇంకోటి పెట్టింది. మూడోసారి గింజకు తోడు జానెడు నార కూడా వచ్చింది.

"ఇది గింజ తీసినదేటమ్మీ? ఉన్న నాలుగు పళ్లూ ఇరగ్గొట్టుకోమంతావేటి?"

సంతలో గొడవకు టిక్కెట్టు లేదు. పదిమంది మూగారు. పైడమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. దాలినాయుడు ముందుకు దూకబోతే మాస్టారు అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

పైడమ్మ తల వంచుకుని ఆ మూడు గింజల్నీ కాసేపు చూసింది. తర్వాత తలెత్తింది.

"అవ్వా, మూడు ముద్దలు చీరితే నీకు మూడే దొరికినాయి. ఎదర కొట్లో చీరు, దోసిడు రాలతాయి. అక్కడ అడిగినావా?"

సూరీడమ్మ ముఖం వెలిగిపోయింది. మాటకు మాట చెప్పే మనిషి దొరికితే ఆవిడకు పండగే. అరగంట బేరం నడిచింది. మధ్యలో ఆవిడే ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, "తడి ఉండగా తీస్తే గింజ జారి లోపలే ఉండిపోద్ది. రెండెండలు ఎండనిచ్చి తియ్యి. ఈనె ఇలాగ తొడిమ కాణ్ణించి లాగు, నారంతా దాంతోనే వచ్చేస్తది," అని తిడుతూనే చూపించింది. చివరికి అరకిలో తూయించుకుని, తూకం అయ్యాక సంచీ మూతి తెరిచి పట్టుకుంది, కొసరు కోసం. పైడమ్మ చిటికెడు వేసింది. సంచీ కదలలేదు. ఇంకో చిటికెడు వేసింది.

"వచ్చే సంతకి ఒక్క గింజ దొరికినా నీ మొకాన్నే కొడతాను," అంది సూరీడమ్మ లేస్తూ.

"ఎన్నింటికొస్తావవ్వా? నీకు మంచిది తీసి ఉంచుతాను," అంది పైడమ్మ.

నరసమ్మ చేతుల కట్టు విప్పింది. ఒక ముద్ద ఒళ్లో వేసుకుని, తొడిమ దగ్గరనుంచి ఈనె లాగి చూసింది. మూగిన వాళ్లలో ఇద్దరు అప్పటికే గోనెపట్టా ముందు కూర్చుని ముద్దలు చీల్చి చూస్తున్నారు.

తిరిగి వచ్చే దారిలో దాలినాయుడు ఉండబట్టలేక అడిగేశాడు. "ఆ పిల్లని అందరిముందూ అంతలేసి మాటలు అనిపించారు. మొదటి సంతలో నలభై మంది కొన్నారు మాస్టారూ. ఒక్కరైనా నోరెత్తి ఒక్క మాట అన్నారా?"

మాస్టారు చంకలోని అట్ట తీసి అతని చేతిలో పెట్టారు.

"వాళ్లకీ గింజలు తగిలే ఉంటాయి బాబూ," అన్నారు.