నలభై మూడో వివరణ

గండికొండ సంస్థానాధీశుడు మల్లపరాజుకు గంజిఫా ఆటంటే ప్రాణం. ఆ గుండ్రటి పేకముక్కలు చేతికొస్తే అన్నం మాట కూడా మర్చిపోతాడు. ఒక్కటే చిక్కు. తగువొచ్చినప్పుడల్లా ఆట నియమాలకు వివరణ రాసే అధికారం పేరిశాస్త్రిది. ఆ శాస్త్రే రోజూ ఆడతాడు. ఓడేలా ఉంటే తాటాకు తీసి కొత్త వివరణ రాస్తాడు.

మొన్న అవతలివాడు చేప ముక్క వేసేసరికి, "దీన్ని తాబేలుగా చదువుకోవాలి. బొమ్మ వేసినవాళ్ళ పొరపాటు" అని రాసేశాడు.

ఆ బొమ్మ వేసింది నాచారమ్మ. ఇరవై ఏళ్ళుగా కోటలోనే ఉంటూ, బట్టకు చింతగింజల జిగురు పట్టించి ముక్కలు చేస్తోంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ప్రభూ! నా చేపకు పొలుసులున్నాయి, తోకుంది. తప్పు బొమ్మలో లేదు, వివరణలో ఉంది" అంది నిండు సభలో.

శాస్త్రి మూతి తిప్పాడు. "రంగులు పూసుకునేదానివి, నీకు నియమాలేం తెలుసు? దమ్ముంటే నాతో ఆడు!"

రాజుకు హుషారొచ్చింది. అక్కడికక్కడే శాసనం రాయించాడు: "ఈ ఆటలో ఓడినవారు కోట విడిచి పోవాలి."

కోట బయట నాచారమ్మకు నిలువనీడ లేదు. అయినా కూర్చుంది. ప్రతి ముక్కా తన చేత్తో చేసిందే. ఏది పడిందో, ఏది మిగిలిందో ఆమెకు ఇట్టే తెలిసిపోతోంది. చివరికి ఆమెకు పంతొమ్మిది పట్లు, శాస్త్రికి పదమూడు.

చప్పట్లు మొదలయ్యాయి. శాస్త్రి చెయ్యెత్తి ఆపి, గంటం తీశాడు.

"నలభై మూడో వివరణ! లేఖకుడి పొరపాటు వల్ల మాటలు తారుమారయ్యాయి. ఈ ఆట రాతల్లో 'గెలిచినవారు' అని ఉన్నచోట 'ఓడినవారు' అనీ, 'ఓడినవారు' అని ఉన్నచోట 'గెలిచినవారు' అనీ చదువుకోవాలి. ఎక్కువ పట్లు వస్తే గెలిచినవారని కదా నియమం? కనుక ఓడింది నువ్వే!"

సభ నోరు వెళ్ళబెట్టింది. రాజు మొహం చిన్నబోయింది. నాచారమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వివరణను మనసులో మరోసారి చదువుకుంది. నీళ్ళు ఆగిపోయాయి.

"శాస్త్రిగారూ, ఇది ఈ ఆట రాతలన్నిటికీ వర్తిస్తుందా?"

"అన్నిటికీ! ఒక్క అక్షరం మినహాయింపు లేదు."

"అయితే రాజముద్ర వేయించండి."

శాస్త్రి దర్జాగా వేయించాడు.

"సరే, నేను ఓడాను. మీరే గెలిచారు" అని నాచారమ్మ దణ్ణం పెట్టింది. "ప్రభూ, ఇక తమ శాసనం చదివించండి. వివరణ ప్రకారం."

లేఖకుడు శాసనం అందుకున్నాడు. "ఈ ఆటలో ఓడి..." అని ఆగాడు. వివరణ వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఆటలో గెలిచినవారు కోట విడిచి పోవాలి."

శాస్త్రి గంటం కోసం తడుముకున్నాడు. "నలభై నాలుగో వివరణ..."

"అది కోట బయట కూర్చుని రాసుకోండి, గెలిచినవారూ!" అంది నాచారమ్మ.

రాజు తలపాగా జారిపోయేలా నవ్వాడు. వివరణల అధికారం అప్పటికప్పుడే నాచారమ్మకు ఇచ్చేశాడు. శాస్త్రిని మాత్రం, గెలిచినవాడు గనక, మెడలో దండ వేసి మేళతాళాలతో కోట గుమ్మం దాకా సాగనంపారు.