అరఓటు మెజారిటీతో నెగ్గిన గేదె బిల్లు

కందిలంకలో శోభనాద్రి ఇంటిని తెలివిగలవారి ఇల్లు అంటారు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఈ ఊళ్ళో బుర్ర ఉన్నవాళ్ళు ఎంతమందండీ అని అడిగితే, ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో "అయిదుగురు" అంటారు. ఆ ఇంట్లో ఉండేది సరిగ్గా అయిదుగురే. శోభనాద్రి, అతని భార్య సూరీడమ్మ, తమ్ముడు గవర్రాజు, గవర్రాజు భార్య లోవతల్లి, అన్నదమ్ములిద్దర్నీ కన్న అచ్చియ్యమ్మ.

ఆ ఏడు వాళ్ళ ఎంపీగారు ఊరికి ఇద్దరి చొప్పున ఢిల్లీ తీసుకెళ్ళి పార్లమెంటు చూపించాడు. శోభనాద్రి పై గ్యాలరీలో కూర్చుని రెండు పూటలూ కళ్ళార్పకుండా చూశాడు. తిరిగొచ్చి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టాడు.

"అంత పెద్ద దేశమే పద్ధతి మీద నడుస్తోంది. అయిదుగురం ఉన్నాం, మనకో పద్ధతి ఉందా?"

"ఇంతకీ అక్కడ ఏం పని చేశార్రా?" అంది అచ్చియ్యమ్మ.

"పనేం జరగలేదమ్మా. వాయిదా పడింది. కానీ ఎంత పద్ధతిగా పడిందనుకున్నావ్!"

అంతే. ఆ రోజు నుంచి ఇల్లు సభ అయిపోయింది. అధ్యక్షులవారు అందరికంటే ఎత్తున కూర్చోవాలి కాబట్టి నిచ్చెన వేసి అచ్చియ్యమ్మను ధాన్యం గాదె మీదికి ఎక్కించారు. ఎవరు ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, ఏదైనా అధ్యక్షులవారికే చెప్పాలి. ఏదైనా అడగాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి.

మర్నాడు సూరీడమ్మ పొయ్యికి వీపు పెట్టి బియ్యం చెరుగుతోంది. జలుబు చేసి ముక్కు పనిచెయ్యడం లేదు. గుమ్మంలోంచి లోవతల్లి చూసింది.

"అధ్యక్షా! పొయ్యి మీద పప్పు మాడుతోందని అక్కకి మీ ద్వారా మనవి చేసుకుంటున్నాను."

"సూరీడూ, పప్పు మాడుతోందట" అంది గాదె మీంచి అచ్చియ్యమ్మ.

"ఏ పప్పో వివరంగా చెప్పమనండి అధ్యక్షా" అంది సూరీడమ్మ, వెనక్కి తిరక్కుండా.

"లోవా, ఏ పప్పు?"

"ఇందాక కందిపప్పు అధ్యక్షా. ఇప్పుడు బొగ్గు."

శోభనాద్రి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "మాడింది. అయితేనేం, పద్ధతిగా మాడింది" అని మెచ్చుకున్నాడు. అందరూ బల్లలు చరిచారు. ఇంట్లో బల్ల ఒక్కటే కాబట్టి వంతులవారీగా చరిచారు.

పప్పు పోతే పోయింది. ఆ ఇంటికి అసలు ఆధారం బంగారి. బంగారి అంటే చూడిగేదె, ఇవాళో రేపో ఈనుతుంది. అది ఈనితేనే పాలు, పాలు అమ్మితేనే ఇంట్లోకి పప్పూ ఉప్పూ. అటువంటి బంగారి మధ్యాహ్నం కట్టు తెంపుకుని, ఇంటి వెనకున్న ఎరువు గోతిలో పడింది. అప్పుడే వాన కూడా అందుకుంది. లోవతల్లి పరుగున వచ్చింది.

"బావగారూ! బంగారి..."

శోభనాద్రి రెండు చెవులూ మూసుకున్నాడు. "నాతో కాదమ్మా, అధ్యక్షా అను."

"అధ్యక్షా! బంగారి గోతిలో పడింది!"

"నోటీసు ఇచ్చావా?" అంది అచ్చియ్యమ్మ.

"అదెప్పుడు పడుతుందో నాకేం తెలుసు అత్తా?"

"నీకు తెలీకపోతే దానికి తెలియదూ? పడేముందు అదైనా ఒక మాట చెప్పాలా వద్దా?"

"చెప్పలేదు అధ్యక్షా."

"చూశారా, గొడ్డుకి పద్ధతి లేదు" అని అచ్చియ్యమ్మ నిట్టూర్చింది.

వాన పెరుగుతోంది. గోతిలో నీళ్ళు గేదె మోకాళ్ళ దాకా వచ్చాయి. గవర్రాజు తాడు పట్టుకుని లేచాడు. "అన్నయ్యా... కాదు, అధ్యక్షా, నలుగురం కలిసి లాగేస్తే సరిపోదా?"

"చట్టం లేకుండా లాగితే అది లాగడం కాదురా, దౌర్జన్యం" అన్నాడు శోభనాద్రి. "ముందు బిల్లు పెట్టాలి."

లోవతల్లి అయిదో తరగతి దాకా చదివింది. చేట తిరగేసి దాని వీపు మీద బొగ్గుతో రాసింది: గోతిలో ఉన్న గేదెను బయటికి తీయవలెను. మొదటిసారి చదివింది. అంతా తలలూపారు. రెండోసారి చదవగానే సూరీడమ్మ చెయ్యెత్తింది.

"అధ్యక్షా, గేదె అని మాత్రమే రాసింది. కొమ్ముల మాటేమిటి? తోక మాటేమిటి? రేపు అవి గోతిలోనే ఉండిపోతే బాధ్యులెవరు?"

నిజమే కదా! కొమ్ములు, తోకతో సహా అని చేట అంచున సవరణ ఇరికించారు. నీళ్ళు బంగారి పొట్టకి తగిలాయి.

ఇక ఓటు వేద్దామనేసరికి శోభనాద్రికి మరో సంగతి గుర్తొచ్చింది. "ఆగండాగండి! కోరం ఉండాలి. సభ జరగాలంటే మొత్తంలో పదోవంతు మంది లోపల ఉండాలని అక్కడ చెప్పారు."

లెక్కలన్నీ గవర్రాజువే. వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "మొత్తం అయిదుగురం. అయిదుగురిలో పదోవంతు అంటే... అరమనిషి."

"అరమనిషా!" అంది సూరీడమ్మ. "ఇంతసేపూ అయిదుగురం లోపలే ఉన్నామే! ఎంత తప్పు చేశాం!"

ఇంకేముంది, అందరూ హడావుడిగా వానలోకి పరిగెత్తారు. అచ్చియ్యమ్మ మాత్రం గాదె మీదే ఉంది. అధ్యక్షస్థానం నేల మీద లేదు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. మిగిలిన నలుగురిలో ఏ అరమనిషి లోపల ఉండాలన్నది తేలక కాసేపు వాదించుకున్నారు.

"ఏ సగం పెడదాం? పై సగమా, కింద సగమా?"

"ఓటు వేసేది నోరు కదా. నోరున్న సగం."

అంతే. గవర్రాజు గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. నడుం పైభాగం ఇంట్లో, కాళ్ళు వానలో. లోవతల్లి చూరు కిందినుంచి బిల్లు మూడోసారి చదివింది.

"ఒప్పుకునేవారు అవును అనండి" అంది అచ్చియ్యమ్మ.

"అవును" అన్నాడు లోపలున్న అరగవర్రాజు.

అదే సమయానికి గోతిలోంచి బంగారి గట్టిగా అరిచింది.

"సభలో లేనివాళ్ళ గొంతు చెల్లదు" అని అచ్చియ్యమ్మ కొట్టిపారేసింది. "అవును అన్నవి అరఓటు, కాదన్నవి సున్నా. అరఓటు మెజారిటీతో బిల్లు నెగ్గింది!"

వానలో ముగ్గురూ చప్పట్లు కొట్టారు. గవర్రాజు కాళ్ళు కూడా కొట్టబోయాయి గానీ, అవి సభలో లేవని ఊరుకున్నాయి.

"తాడు తెండి!" అంది లోవతల్లి.

"అప్పుడేనా? పెద్దల సభలో కూడా నెగ్గాలి" అన్నాడు శోభనాద్రి.

ఆ ఇంట్లో అచ్చియ్యమ్మే పెద్ద. ఆమె కంటే పెద్ద ఎవరంటే పోయిన మొగుడు, గోడ మీద ఫోటోలో ఉన్నాడు. ఫోటో దించి ఎదురుగా పెట్టారు. శోభనాద్రి చేతులు కట్టుకుని అడిగాడు. "నాన్నగారూ, ఈ బిల్లుకి అభ్యంతరం ఉంటే చెప్పండి."

ఫోటో ఏమీ అనలేదు.

"అభ్యంతరం లేదు. ఏకగ్రీవం!"

అచ్చియ్యమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "బతికున్నన్నాళ్ళూ నేనేం చెప్పినా కాదనేవాడు. పోయాక ఎంత మారిపోయాడురా!"

ఇక చట్టం వచ్చేసింది. తాడు పట్టుకుని అయిదుగురూ దొడ్లోకి పరిగెత్తారు. అచ్చియ్యమ్మను కూడా నిచ్చెన మీంచి దించి తీసుకెళ్ళారు. చూస్తే ఏముంది? గోతిలో నీళ్ళు అంచుదాకా నిండాయి, బంగారి వాటితోపాటు పైకి తేలి, ముందుకాళ్ళు గట్టు మీద వేసి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కేసింది. గట్టు మీద నిలబడి తీరిగ్గా నెమరేస్తోంది.

శోభనాద్రి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "కొంప ముంచిందిరా!"

"బయటికి వచ్చేసిందిగా అధ్యక్షా, మంచిదేగా?" అంది లోవతల్లి.

"ఏం మంచి? గోతిలో ఉన్న గేదెను తీయాలని చట్టం. ఇది గోతిలో ఏదీ? రెండు సభలూ ఒప్పుకున్న చట్టం. నాన్నగారు కూడా ఒప్పుకున్న చట్టం. అమలు చెయ్యకపోతే ఆయన మొహం ఎలా చూస్తాం?"

"మరేం చేద్దాం?"

"ముందు దీన్ని గోతిలోకి తొయ్యాలి. తోశాక తీయాలి."

ఎంత తేలికైన ఉపాయం! నలుగురూ బంగారి వెనకభాగానికి భుజాలు ఆనించారు. అచ్చియ్యమ్మ వెనక నుంచి శోభనాద్రి నడుం పట్టుకుని తోసింది. "ఒకటి, రెండు..." అని గవర్రాజు లెక్కపెట్టాడు. మూడు అనేలోపు బంగారి ఒక్క అడుగు పక్కకి వేసింది.

అంతే. అయిదుగురూ దభీమని గోతిలో పడ్డారు. మెడలదాకా ఎరువు నీళ్ళు.

ఆ చప్పుడుకి పక్కింటి నూకరాజు గోడ దూకి వచ్చాడు. "ఓరి మీ తెలివి తగలెయ్యా! ఉండండి, తాడు వేస్తున్నా. ముందు నువ్వు పట్టుకో గవర్రాజూ."

గవర్రాజు పట్టుకున్నాడు. నూకరాజు బలం కొద్దీ లాగుతుంటే, సగం పైకి వచ్చేసరికి కిందినుంచి శోభనాద్రి కేక వేశాడు.

"ఆపు నూకరాజూ, ఆపు! నడుం దాకా చాలు. ఇక్కడ సభ ఉంది, అరమనిషి కోరం కుదిరింది. ఆ చట్టం గేదెకే, మనుషులకి వేరే బిల్లు కావాలి."

"మిగతా నలుగురు కూడా లోపలే ఉన్నారుగా అన్నయ్యా?" అన్నాడు వేలాడుతూ గవర్రాజు.

"మేం మునిగాం కదరా, లెక్కలోకి రాం. ఊఁ, అవును అను."

"అవును!"

"నెగ్గింది! నూకరాజూ, నీకు దణ్ణం పెడతాను, తాడు ఆ చెట్టుకి చుట్టి, మా ఇంట్లో ఉన్న నాన్నగారి ఫోటో పట్టుకురా. ఆయన ఊఁ అంటే అందర్నీ లాగెయ్యొచ్చు."

వీళ్ళతో వాదించే కంటే తేవడమే తొందరని నూకరాజు ఫోటో తెచ్చి గట్టు మీద నిలబెట్టాడు. గోతిలో అందరూ చేతులు జోడించారు.

"నాన్నగారూ, మమ్మల్ని పైకి లాగడానికి మీకేమైనా అభ్యంతరమా?"

సరిగ్గా అప్పుడే ఫోటో వెనక బంగారికి నొప్పులు మొదలయ్యాయి. అది మెడ చాచి, పొట్టలోంచి, బొంగురుగా, చాలాసేపు అరిచింది.

గోతిలో అచ్చియ్యమ్మ మొహం వెలిగిపోయింది.

"విన్నారా! అదీ మీ నాన్న గొంతు! ఏమీ మారలేదురా మనిషి!"

"బిల్లు వీగిపోయింది" అన్నాడు శోభనాద్రి, తల వంచుకుని.

నూకరాజు దూడను పట్టుకోవడానికి గేదె దగ్గరికి పరిగెత్తాడు. గవర్రాజు చెట్టుకున్న తాడు వదిలేసి, పద్ధతి ప్రకారం మళ్ళీ గోతిలోకి దిగిపోయాడు.