మేక పైడమ్మ పెట్టిన పథ్యం

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. సగం కథలో లేచి, ఎద్దు తిరిగితే గాలిదుమారం లేస్తుందా, నక్క తోకలో కోడిపిల్లలు పడుకుంటాయా అని అడ్డం తగిలితే మాత్రం ఊరుకునేది లేదు. ఎవరూ ఎత్తలేదు గదా? మంచిది. ఎత్తినా ఈ కథ ఆగేది కాదు.

శారదా నది ఒడ్డున చెరుకు తోటల మధ్య ఒక బెల్లం గానుగ ఉండేది. దాన్ని తిప్పే ఎద్దు పేరు సింగన్న. మామూలు ఎద్దా! మెడలో గంట మోగిందంటే ఏడు ఊళ్ల పిల్లలు బడికి వేళయిందని పలకలు సర్దుకునేవారు. ఒక్క చుట్టు తిరిగాడంటే చెరుకురసం పొంగి, బెల్లం కాచే పెనంలో పట్టక కాలవలోకి దిగి, కాలవలో కప్పలకి కూడా చీమలు పట్టేవి.

పని దిగాక సింగన్నని కోళ్ల గూడు ముందు కట్టేసేవారు. ఆ గూటి తలుపు ఏనాడో ఊడిపోయింది. సింగన్న ఉండగా తలుపు ఎవరికి కావాలి? ఆకు కదిలితే చెవి కదిలేది, చెవి కదిలితే గంట మోగేది, గంట మోగితే నక్కలు నదికి అడ్డంపడి ఈదేవి.

అలాంటి సింగన్న ఆ ఏడు మాఘమాసంలో డీలా పడ్డాడు. చెరుకు విరగపండింది. తెల్లారకముందే కాడి, పొద్దు వాలేదాకా చుట్లు. కాడి దించగానే మేత మీద పడి, నమలకుండా మింగి, నీళ్లదాకా నడిచే ఓపిక లేక ఉన్నచోటే కూలబడేవాడు. పడుకున్నా నిద్ర పట్టేది కాదు. లేచినా మెలకువ వచ్చేది కాదు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు నూకరాజు. నక్కల్లో నూకరాజంత తీయగా మాట్లాడేవాడు లేడు. వాడి మాటలు కాచి వడగడితే గానుగతో పనే ఉండేది కాదు.

"ఏం బావా, కళ్లు అలా లోపలికి పోయాయి?"

"అలసట, నూకరాజూ. ఈ ఒళ్లు నాది కానట్టుంది. మెళ్లో గంట కూడా బరువే."

"అయ్యయ్యో! నేను బతికుండగానా? మొన్న నా మందు తాగిన నత్త అనకాపల్లి బస్సుని పరుగెత్తి అందుకుంది. కావాలంటే కండక్టర్ని అడుగు!"

కుండపెంకులో నల్లగా, చిక్కగా ఏదో తెచ్చి ముందు పెట్టాడు. అదేమిటంటారా? పెనం మీద తేలిన మడ్డిని గానుగవాళ్లు గోతిలో పారబోస్తే, అక్కడే వారం రోజులు పులిసిన సరుకు.

తాగగానే సింగన్న కాళ్లలో నిప్పు రాజుకుంది. ఆ సాయంత్రం మూడు చుట్లు ఎంత జోరుగా తిరిగాడంటే, గాలిదుమారం లేచి రైతు తలపాగా ఎగిరిపోయి తాటిచెట్టు మొవ్వులో చిక్కుకుంది. నాలుగో చుట్టుకి నిప్పు ఆరిపోయింది. దీపాలు పెట్టేసరికి సింగన్న కొండ విరిగిపడ్డట్టు గూడు ముందు పడ్డాడు. నూకరాజు అతని మూపు మీద కాలేసి లోపలికి వెళ్లినా తెలియలేదు.

పొద్దున గూట్లో గుడ్లు లేవు. మర్నాడూ లేవు.

"మోతాదు చాల్లేదు బావా, రేపటి నుంచి రెండు పెంకులు," అన్నాడు నూకరాజు, మీసానికి అంటిన పచ్చసొన నాకుతూ.

నాలుగో రోజు సన్యాసమ్మ వచ్చింది. ఆవిడ ఆ గూట్లో అందరికన్నా ముసలి పెట్ట. రెక్కలు ముడుచుకుని సింగన్న ముట్టె దగ్గర నిలబడింది.

"అన్నా, నిన్ను తిట్టడానికి రాలేదు. ఎన్నేళ్లు కాశావో నాకు తెలుసు. కానీ నాకు ఇంక ఒక్క విడత గుడ్లే మిగిలాయి. అవీ పోయాయంటే ఇంటావిడ నన్ను ఉంచదు. నిన్న నా వంకే చూస్తూ, అల్లం ఎక్కడ పెట్టారని అడిగింది."

సింగన్న తల దించుకున్నాడు. కంట్లోంచి ఒక్క బొట్టు రాలింది. ఆ బొట్టుకి పక్కనున్న ఖాళీ నీళ్ల గాబు నిండింది. సరే, సగమే నిండింది.

చెరుకు పిప్పి కుప్ప పక్కన గుంజకి కట్టేసి ఉన్న ముసలి మేక పైడమ్మ ఇదంతా వింది. ఆవిడకి ఒక కొమ్ము లేదు. పులితో పోట్లాడితే విరిగిందనేది. ఆ పులి ఎక్కడుంటుందని అడిగితే మాత్రం కోపం వచ్చేది.

"ఒరే సింగన్నా, ఇలా రా. నోరు తెరు." వాసన చూసి మొహం తిప్పేసుకుంది. "పులిసిన మడ్డి! ఎవడు పోశాడురా?"

"నూకరాజు మందిచ్చాడు అత్తా."

"నక్క ఇచ్చింది, నువ్వు తాగావు. ఇంత తల పెట్టుకుని లోపల ఏం మోస్తున్నావురా, పిప్పా?"

"పోనీ నువ్వు మంచి మందివ్వు అత్తా."

"నీకు మందెందుకు? చెప్తే వినేవాడివి. పథ్యం చాలు."

"మందు లేకుండా పథ్యం ఎక్కడైనా ఉందా?"

"ఇక్కడుంది. రేపు కాడి కింద మెడ పెట్టేముందు కడుపునిండా నీళ్లు తాగు. మేత మెల్లిగా నమిలి తిను, తీరిగ్గా నెమరెయ్యి. నీ నోట్లోది ఎవరూ లాక్కోరు. మధ్యాహ్నం కాడి దించితే ఆ నక్కతో కబుర్లు మానేసి, ఈ కుప్ప నీడలో కాసేపు కన్ను మూయి. సాయంత్రం నీళ్లకి విప్పినప్పుడు నదిదాకా నడిచి రా."

"రోజంతా నడుస్తూనే ఉన్నాను గదా అత్తా!"

పైడమ్మ గొంతు మెత్తబడింది. "అది తిరగడం నాయనా. ముందుకి నడిచి ఎన్నాళ్లయిందో చెప్పు."

సింగన్న ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"ఇక కోళ్లు గూడెక్కే వేళకి నువ్వూ పడుకో."

"మరి కాపలా?"

"హాయిగా పడుకుంటే ఆకు చప్పుడుకి కూడా లేస్తావు. మడ్డి తాగి పడితే కొండ మీద పడ్డా లేవవు. ఆ తేడా నీకు తెలిసింది గదా?"

మొదటి రోజు మడ్డి కోసం నాలిక పీకింది. రెండో రోజు నొప్పికి తల పగిలిపోయింది. మూడో రోజు, "నావల్ల కాదత్తా, ఒక్క పెంకు తాగుతాను," అన్నాడు. పైడమ్మ తిట్టలేదు. తాడు చాలినంత మేరా వచ్చి, అతని డొక్కకి ఆనుకుని కూర్చుంది.

"పందెం వేసుకుందాం. ఇద్దరం నెమరేద్దాం. ఎవరు ఆలస్యంగా మింగితే వాళ్లు గెలిచినట్టు."

ఆ పందెం ఎంతసేపు సాగిందంటే, చూస్తూ కూర్చున్న కాకికి ముసలితనం వచ్చేసింది. ఆ సాయంత్రం సింగన్న నదిదాకా వెళ్లాడు. తిన్నగా, ముందుకి. నీళ్లలో కాళ్లు పెట్టి, అవతలి ఒడ్డున రేగుపొదలు చూశాడు. ఇన్నేళ్లుగా అవి అక్కడే ఉన్నాయని తెలియనే తెలియదు.

సన్యాసమ్మ మాత్రం గూటి జోలికి పోలేదు. పైడమ్మ వెనక పిప్పి కుప్పలో చాటుగా, రోజుకొకటి పెట్టుకుంటూ వచ్చింది. పదకొండో గుడ్డు పెట్టిన సాయంత్రం నూకరాజు మడ్డి పెంకు పట్టుకుని వచ్చాడు. ఆకు కదిలింది. చెవి కదిలింది. గంట మోగింది! ఆ మోతకి నూకరాజు ఎగిరిన ఎగురుకి తాటిచెట్టు మొవ్వులో ఉన్న తలపాగా వాడి తలమీదకొచ్చింది.

మర్నాడు సన్యాసమ్మ గుడ్లని గూట్లోకి చేర్పించుకుని పొదగడానికి కూర్చుంది. ఆ పూటే నూకరాజు పైడమ్మ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామ్మా, ఆ ఎద్దుకేం మందిచ్చావు? నాకూ ఇవ్వు. రాత్రంతా తిరుగుడు, పగలంతా తూగుడు. తిన్నది అరగదు. ఎద్దుకే అంత సత్తువొస్తే, నాకొస్తే ఏడూళ్ల కోళ్ల..." నాలిక కరుచుకున్నాడు. "ఏడూళ్ల కోళ్ల బాగోగులు చూసుకుందామని."

"ఎంత మంచివాడివి నూకరాజు బాబూ! ఇవిగో మాత్రలు." నల్లగా, గుండ్రంగా ఉన్నాయి.

"ఎక్కడివి మామ్మా?"

"బజార్లో దొరకవు. నా దగ్గరే తయారవుతాయి, రోజూ తాజాగా. పూటకొకటి, ఇరవై ఒక్క రోజులు. అయితే పథ్యం గట్టిది. కోడి కూతకి లేవాలి. లేవగానే నీళ్లు, తర్వాత నడక. పీతలూ రేగుపళ్లూ తప్ప ఏదీ ముట్టకూడదు, అవీ నమిలి తినాలి. కోళ్లు గూడెక్కే వేళకి పడుకోవాలి. ఒక్క పూట తప్పావా, మళ్లీ మొదటి మాత్ర నుంచి!"

"ఇది పథ్యమా మామ్మా, నా మీద పగా?"

"వద్దంటే ఇచ్చెయ్యి. మాత్రలు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు."

నూకరాజు మాత్రలు గుండెకి హత్తుకున్నాడు. వాడు వెళ్లాక సింగన్న గాభరాపడ్డాడు. "అత్తా, నక్కకి సత్తువ వస్తే ఈ గుడ్లు దక్కుతాయా?"

"ఎన్నాళ్లకి పిల్లలవుతాయిరా గుడ్లు?"

"ఇరవై ఒక్క రోజులకి."

"మరి? నమిలి తిను."

ఆ ఇరవై ఒక్క రోజులూ నూకరాజు ఒక్క పూట తప్పలేదు. మాత్రకి మొహం వికారంగా పెట్టేవాడు, మింగేవాడు. పదో రోజుకి వాడి తోక ఎంత నిగనిగలాడిందంటే, ఆ మెరుపుకి చేపలు తెల్లారిందనుకుని ఒడ్డుకొచ్చేవి.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నానికి పదకొండు గుడ్లూ చిట్లాయి. సాయంత్రం ఆఖరి మాత్ర మింగి నూకరాజు వచ్చాడు, ఛాతీ విరుచుకుని.

"తప్పుకో బావా! ఇవాళ నీ గంటకి బెదిరేవాణ్ణి కాదు."

సింగన్న లేవబోయాడు. "ఆగరా," అంది పైడమ్మ.

నూకరాజు ఒక్క దూకు దూకాడు. సింగన్నని దాటాడు, గానుగని దాటాడు, పిప్పి కుప్పని దాటాడు, ఎక్కువ దాటేశానని తెలిసి వెనక్కొచ్చి గూటి ముందు వాలాడు. సన్యాసమ్మ రెక్కలు పరిచి పిల్లల మీద పడిపోయింది. కోళ్లన్నీ గోలగా గూడెక్కుతున్నాయి. నూకరాజు గుహంత నోరు తెరిచాడు.

ఆవులించాడు.

నోరు మూసి, మళ్లీ తెరిచాడు. మళ్లీ ఆవులింతే. "మామ్మా... ఇదేంటి... నా కళ్లు..."

"కోళ్లు గూడెక్కే వేళయింది బాబూ. ఇరవై ఒక్క రోజులుగా నీకు ఇదే పడక వేళ."

నూకరాజు రెండడుగులు తూలి, గూటి గుమ్మంలో ముడుచుకుని గుర్రుపెట్టాడు. ఆ వెచ్చటి తోక చూసి కోడిపిల్ల ఒకటి అమ్మ రెక్క కిందనుంచి జారుకుని అందులో దూరింది. వెనకే ఇంకో రెండు.

"అన్నా! నా పిల్లలు!" అని కేక పెట్టింది సన్యాసమ్మ.

"అరవకమ్మా, నేనున్నాను," అని సింగన్న వాడి మెడమీద ఒక కొమ్ము ఆనించి, తనూ కళ్లు మూశాడు. ఆకు కదిలితే తెరుచుకునే కళ్లు అవి.

కోడి కూసింది. నూకరాజు లేచేసరికి మెడమీద కొమ్ము, తోకలో మూడు కోడిపిల్లలు.

"బావా... పొడిచేస్తావా?"

"పొడవను. పిల్లల్ని మెల్లిగా దించు. నీళ్లకి వేళయింది, పద."

"ఆ ముసల్ది మోసం చేసింది! మాత్రల్లో మత్తు కలిపింది!"

"మత్తా?" అంది పైడమ్మ, ఇటు తిరిగి నిలబడుతూ. ఆవిడ వెనక టపటపా నాలుగు తాజా మాత్రలు రాలాయి.

నూకరాజు వాటిని చూశాడు. పైడమ్మని చూశాడు. నోరు మూసుకుని నదికేసి పరుగెత్తిన పరుగుకి శారద రెండుగా చీలి దారిచ్చింది. ఆ తర్వాత వాడు ఆ గూటి ఛాయలకి రాలేదు. పగలొస్తే జనం, పొద్దువాలితే నిద్ర.

సింగన్న మాత్రం నీళ్లు తాగి, మెల్లిగా, తిన్నగా నడుస్తూ వెనక్కొచ్చాడు. పదకొండు పిల్లలు ఎదురొచ్చాయి.

సత్తువ మందులో దొరకదు. రోజూ వేళకి చేసే చిన్న పనుల్లోనే ఉంటుంది.

అబద్ధమంటారా? ఆ పొద్దున నూకరాజు పుక్కిలించిన నీళ్లన్నీ నెత్తిన పోయించుకున్న ముసలి తాబేలు ఇంకా నదిలోనే ఉంది. వెళ్లి అడగండి. పేరు దేముడమ్మ.