గుండు తాగని చారు

అనగనగా ఒక అడవిలో ఒక టీవీ ఉండేది. అడవిలో టీవీ ఏమిటని నన్నడక్కండర్రా. ఉంది, అంతే! అది ఎలుగుబంటి సూరమ్మ గుహలో ఉండేది. సూరమ్మకి అందులో వచ్చే వంటల పోటీలంటే ప్రాణం.

ఆమె కొడుకు గుండుకి జ్వరం తగ్గింది కానీ, పిల్లాడు ముద్ద ముట్టడం లేదు. వైద్యుడు కొండముచ్చు వచ్చి నాడి చూశాడు.

"సూరమ్మా, పొద్దుగూకేలోపు వీడి కడుపులో కాస్త చారన్నమైనా పడాలి. లేకపోతే జ్వరం తిరగబెడుతుంది," అన్నాడు.

ఇక చూడండి, సూరమ్మకి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! పొయ్యి దగ్గరికి, టీవీ దగ్గరికి, గుండు దగ్గరికి ఒకటే తిరుగుడు.

టీవీలో జడ్జి నక్క అరిచింది. "టైమైపోతోంది! గరిటెలు పక్కన పెట్టండి!"

సూరమ్మ ఆ మాట తనకే అనుకుని కంగారుపడిపోయింది. "ఉప్పు వేశానా? ఏమో!" అనుకుని ఇంకోసారి వేసేసింది. మరిగీ మరగని చారుని గబగబా దించింది. గుండు ఒక గుటక మింగి మొహం తిప్పుకున్నాడు.

"జ్వరపడ్డ నోరు కదా, చేదుగా ఉంటుందిలే," అనుకుంది సూరమ్మ.

మధ్యాహ్నం టీవీలో జడ్జి కొంగ మెడ సాచి చూసింది. "ప్లేటులో కళే లేదు," అని మూతి తిప్పింది.

సూరమ్మ అదే చారు వేడిచేసి గిన్నెలో పోసింది. చుట్టూ మందారపూలు పేర్చింది. పైన కొత్తిమీర ఒక్కో ఆకే అతికించింది. ఈ సింగారమంతా అయ్యేసరికి చారు చల్లారిపోయింది. గుండు వాసన చూసి ముసుగు తన్నేశాడు.

"మొండి వెధవా! ఇంత కష్టపడి చేస్తే తినవా?" అని సూరమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్లాడు ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు పాపం.

పొద్దు వాలింది. టీవీలో జడ్జి ఏనుగు, ఒక లేడి వండిన పులుసు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"నువ్వు దీన్ని రుచి చూశావా అమ్మా?" అని అడిగింది. లేడి తల దించుకుంది.

ఇక్కడ సూరమ్మ కూడా దించుకుంది. వాళ్ళింట్లో వండుతూ రుచి చూడటమా! ఎంగిలంటూ అత్తగారు గరిటె లాక్కునేది. ఇన్నాళ్ళూ వాసన చూసే వండుకొచ్చింది. ఇవాళ వాసన చూసే నిదానం కూడా ఎక్కడుంది?

"అరచేతిలో వేసుకుంటే గరిటెకి ఎంగిలి అంటదు కదా," అనుకుంది. కాస్త చారు అరచేతిలో పోసుకుని చప్పరించింది.

"ఛీ ఛీ! ఉప్పు కషాయం!" అని ఉమ్మేసింది. "నా తండ్రే! ఇది తాగలేదనా నీ మీద చెయ్యి చేసుకున్నాను!" అని భోరున ఏడ్చింది.

టీవీ కట్టేసింది. మళ్ళీ చారు పెట్టింది. చింతపండు పచ్చివాసన పోయేదాకా మరగనిచ్చింది. మిరియాలు, జీలకర్ర దంచి వేసింది. ఏది వేసినా అరచేతిలో చుక్క పోసుకుని చూసింది. బయట పొద్దుగూకబోతోంది. అయినా తొందరపడి దించలేదు.

వేడన్నంలో చారు పోసి మెత్తగా పిసికి పెట్టింది. గుండు భయం భయంగా నోరు తెరిచాడు. మింగాడు. మళ్ళీ తెరిచాడు. గిన్నె ఖాళీ అయ్యాక మెల్లగా అడిగాడు.

"అమ్మా, పొద్దున వండింది ఎవరమ్మా? వాళ్ళని మళ్ళీ రానివ్వకు."

నీతి: పెట్టింది తినలేదని కోప్పడే ముందు, అది ఎలా ఉందో మనం రుచి చూసుకోవాలి.