ఈదవ్వ తూనీగ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గాలవ్వ. ఆమె చెప్పినట్టే చెప్పాలె. నడుమ తమ మాట కలిపినోళ్ళను నేను మరిచిపోను.

తాతల తాతలు పుట్టని కాలం. గుట్ట కింద ఒక ఊరు, ఊరి ముందు ఒక కుంట. ఆ కుంటకు కాపు నీరడి ఈదవ్వ. తూము ఎత్తేది ఆమె, దించేది ఆమె. నడుము వంగింది, చూపు మందగించింది, పని మాత్రం తప్పలేదు.

ఆ ఏడు పటేలు నార తీసేటందుకు తన జనుము కట్టలన్నీ తెచ్చి తాగే కుంటలోనే నానేసిండు. జనుము కుళ్ళింది. నీళ్ళు నల్లబడ్డయి. తుంగ మీద వాలే సన్నపు ఎర్ర తూనీగలు మాయమైనయి. కట్టలు తీసినంక కొన్నాళ్ళకు నీళ్ళు తేటపడ్డయి.

"అద్దం లెక్క ఉన్నయి, ముంచుకోండి" అన్నడు పటేలు.

"తూనీగ రాలేదు పటేలా. దాని పిల్లలు బతికే నీళ్ళే మన పిల్లలకు" అన్నది ఈదవ్వ.

"ఓహో! ఇగ ఊరికి పటేలు తూనీగనా? దానికి రుమాలు చుట్టాల్నా?"

అందరూ నవ్విన్రు. నవ్వుకుంట తాగినోళ్ళు పొద్దుగూకేసరికి వాంతులతో మంచం పట్టిన్రు.

ఇగ నడవగలిగినోళ్ళు గుట్టవతలి వాగు ఇసుకల తోడిన చెలిమకు పోయి నీళ్ళు తెచ్చుకున్నరు. మూడిండ్లల్ల మాత్రం బాలింతలు. ఆ మూడిండ్లకు ఈదవ్వ మోసింది. అందులో ఒకటి పటేలు బిడ్డ ఇల్లే.

పొద్దున ఒక కడవ, పగటీలి ఒక కడవ, పొద్దుగూకి ఒక కడవ. కోడలు రామవ్వ కుంట గట్టున గడ్డి కోసేది. కడవతో వస్తూ ఈదవ్వ అడిగేది.

"వచ్చిందా?"

"రాలే అత్తా."

మళ్ళ పోయేది, మళ్ళ వచ్చేది.

"వచ్చిందా?"

"రాలే అత్తా. జర కూసోరాదు?"

"కూసుంటే లేవనే బిడ్డా."

ఎన్ని దినాలో ఎవరూ ఎంచలేదు. ఒకనాడు పొద్దుగూకే కడవతో వచ్చింది.

"వచ్చిందా?"

"అత్తా! జంట వచ్చింది! ఆడది తుంగకాడకు తోక ఆనిచ్చి గుడ్లు పెడుతున్నది!"

"మంచిగ చూసినవా?"

"చూసిన అత్తా."

"అయితే ఈ కడవ దించు బిడ్డా. మెడ పోతున్నది."

కోడలు కడవ దించింది. ఈదవ్వ కుంట కట్టకు ఆనుకొని కూసున్నది. మళ్ళ లేవలేదు.

ఇప్పటికీ ఆ ఊరి ఆడోళ్ళు కడవ ముంచే ముందు తుంగ దిక్కు చూసి "వచ్చిందా?" అంటరు. ఈదవ్వ తూనీగ కనపడితే మొదటి దోసెడు కట్ట మీద పోస్తరు, ఆమె మెడ చల్లబడాలని.

కట్ట మీద పాతిన రాయి మీద మాత్రం కుంటను కాపాడింది పటేలు అని ఉన్నది. నాకు కూడబలుక్కొని చదువుడే వచ్చు. అయినా ఆ అబద్ధం చదవొచ్చింది. ఉలి పట్టొచ్చినోళ్ళు ఎవరన్న పోయి, ఆ పేరు చెరిపి, ఈదవ్వ అని చెక్కండి.