మంత్రిగారి ఒళ్లో పసివాడు

రాజుగారు నేతపనివాళ్లకు కొత్త ఊరు కట్టించారంటే ఎంత సంబరమో! కానీ మంత్రి కేతన్న, "పనిచేసేవాళ్లకే ఇళ్లు. ముసలివాళ్లకు చోటులేదు," అన్నాడు. సాలెల ఇంటి కోడలు సింగారమ్మకు ముసలి అత్త ఉంది. ఆమెను ఎక్కడ వదిలేస్తుంది? చేసేదిలేక పాత ఊళ్లోనే ఉంచి వచ్చింది.

మగ్గాలు మొదలుపెట్టే రోజున తన చంటివాణ్ణి తెచ్చి, పని చూడ్డానికి వచ్చిన మంత్రి ఒళ్లో కూర్చోబెట్టింది.

"ఇదేంటే!"

"వీణ్ణి మా అత్త ఆడించేది దొరా. ఇక్కడ చేతులు ఖాళీగా ఉన్నది తమరొక్కరే కదా!"

అది చూసి తక్కిన తల్లులూ వరసకట్టారు. ఒకడు మీసం పీకాడు, ఒక పిల్ల తలపాగా ఊడదీసింది, ఇంకొకడు పట్టుపంచె తడిపేశాడు. మగ్గాలు మాత్రం టకటకా ఆడుతున్నాయి!

"ఓరి దేవుడా! ముసలివాళ్లకు ఇళ్లివ్వండి, నీడలో అరుగులు కూడా కట్టించండి! వెంటనే పిలవండి!"

సాయంత్రానికి అత్త బండి దిగింది. మంత్రి చేతిలోని మనవణ్ణి అందుకుంటూ, "పిల్లాణ్ణి ఎత్తుకోవడమూ రాదా నాయనా?" అంది.